ఒకే ఇంగ్లీషు... దేశానికో స్పెల్లింగ్, ఊరికో యాస

అది 2007. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఫ్లోరిడాలోని ప్రయోగ వేదిక దగ్గర ఒక పెద్ద బ్యానర్ కట్టింది. ప్రయాణానికి సిద్ధమవుతున్న స్పేస్ షటిల్ 'ఎండెవర్'ను ఉత్సాహపరచడం దాని ఉద్దేశం. తీరా చూస్తే షటిల్ పేరే తప్పు పడింది. చివరి 'ఆర్'కు ముందు ఉండాల్సిన 'యు' అందులో లేదు.

రాసినవారిని పూర్తిగా తప్పుపట్టలేం. అమెరికాలో ఆ మాటను 'యు' లేకుండానే రాస్తారు. కానీ షటిల్‌కు ఆ పేరు 18వ శతాబ్దపు బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ ఓడ నుంచి వచ్చింది. ఓడ బ్రిటన్‌ది కాబట్టి స్పెల్లింగ్ కూడా బ్రిటన్‌దే. అమెరికా ప్రభుత్వం నడిపిన వాహనం, అమెరికా నేల మీదే, అమెరికన్ స్పెల్లింగ్ వల్ల నవ్వులపాలైంది.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల మధ్య ఇలాంటి కథలకు కొదవ లేదు. ఫ్రెంచి భాషకు 1635 నుంచి ఒక అకాడమీ ఉంది. ఇంగ్లీషుకు అలా తీర్పు చెప్పే పీఠం ఎప్పుడూ లేదు. నిఘంటువులు, అచ్చు యంత్రాలు, బడులు, రాజకీయాలు ఎవరికి తోచినట్టు వారు ఆ పని చేశాయి. అందుకే ఏ తేడా వెనుక తవ్వినా భాష కన్నా ముందు మనుషుల చరిత్ర బయటపడుతుంది. ఆ తేడాలు చాలావరకు నవ్వు తెప్పించేవే. కొన్ని మాత్రం ఉద్యోగాలను, కొన్నిసార్లు ప్రాణాలను కూడా ప్రభావితం చేశాయి.

రాసేదొకటి, పలికేదొకటి

తెలుగులో 'కలర్' అని రాస్తే అది లండన్ కలరో, న్యూయార్క్ కలరో తెలియదు. పలికినట్టే రాసే లిపికి ఆ బాధ లేదు. ఇంగ్లీషుకు ఆ బాధ అచ్చు యంత్రంతో మొదలైంది.

విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టారు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు ఒక రూపంలో గట్టిపడుతూ వచ్చాయి. సరిగ్గా ఆ కాలంలోనే పలుకుబడి మాత్రం తలకిందులవుతోంది. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ తమ స్థానాలు మార్చుకున్నాయి. అంతకుముందు 'నేమ్' అనే మాటను దాదాపు 'నామ' అనే పలికేవారు. సంస్కృతం ద్వారా తెలుగువారికి పరిచయమైన 'నామ'కు అది దూరపు చుట్టం. 'టైమ్' అప్పట్లో ఇంచుమించు 'టీమ'. నోరు మారింది కానీ అచ్చు అక్షరం మారలేదు. వీరుడు అనే అర్థంలో వాడే 'నైట్' మొదట్లో ఉన్న 'కె', మధ్యలో ఉన్న 'జి-హెచ్' ఒకప్పుడు నిజంగా పలికినవే. ఇప్పుడవి ఖాళీ ఇంటికి వేలాడుతున్న నేమ్‌ప్లేట్లు.

కొన్ని అక్షరాలైతే ఎన్నడూ పలకలేదు. దెయ్యం అనే అర్థం ఉన్న 'ఘోస్ట్'లో 'హెచ్' ఫ్లాండర్స్ ప్రాంతంలో అచ్చుపని నేర్చుకుని వచ్చినవారి అలవాటు వల్ల చేరిందని భాషా చరిత్రకారులు చెబుతారు. అప్పు అనే అర్థం ఉన్న 'డెట్'లో 'బి'ని లాటిన్ మీద మోజుపడ్డ పండితులు తెచ్చి పెట్టారు. ద్వీపం అనే అర్థం ఉన్న 'ఐలాండ్'లో 'ఎస్' అయితే పూర్తిగా పొరపాటు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందనుకుని చేర్చారు, నిజానికి అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట.

ఈ గందరగోళాన్ని వెక్కిరించడానికి పుట్టిందే 'జి-హెచ్-ఓ-టి-ఐ' అనే పొడుపుకథ. 'ఎనఫ్' చివరి 'జి-హెచ్'ను 'ఫ'గా, 'విమెన్'లోని 'ఓ'ను 'ఇ'గా, 'నేషన్'లోని 'టి-ఐ'ని 'ష'గా తీసుకుంటే అది 'ఫిష్' అవుతుంది. దీన్ని నాటక రచయిత బెర్నార్డ్ షాకు అంటగడతారు. కానీ షా పుట్టకముందే, 1855లో రాసిన ఒక ఉత్తరంలో ఇది కనిపిస్తుంది. షాకు స్పెల్లింగ్ మీద కోపం ఉన్న మాట మాత్రం నిజం. ఇంగ్లీషుకు కొత్త లిపి తయారు చేయించడానికి ఆయన వీలునామాలో డబ్బు కేటాయించారు. ఆ లిపిలో ఆయన నాటకం ఒకటి 1962లో అచ్చయింది కూడా. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

'యు' ఎక్కడికి పోయింది?

బ్రిటన్‌లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు 1755లో వచ్చింది. 'కలర్', 'ఆనర్' లాంటి మాటల్లో ఫ్రెంచి వాసన ఉన్న 'ఓ-యు-ఆర్' రూపానికి అది బలం చేకూర్చింది. అప్పటికి అమెరికా ఇంకా బ్రిటన్ వలస రాజ్యమే.

స్వాతంత్ర్యం వచ్చాక నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు రంగంలోకి దిగారు. 1783లో పిల్లల స్పెల్లింగ్ పుస్తకం, 1806లో చిన్న నిఘంటువు, 1828లో దాదాపు 70 వేల మాటల పెద్ద నిఘంటువు తెచ్చారు. 'కలర్'లో 'యు' తీసేశారు. 'సెంటర్', 'థియేటర్' చివర 'ఆర్-ఈ'ని 'ఈ-ఆర్' చేశారు. 'డిఫెన్స్'లో 'సి' స్థానంలో 'ఎస్' పెట్టారు. 'ట్రావెలర్'లో రెండో 'ఎల్' కోసేశారు. 'మ్యూజిక్', 'పబ్లిక్' చివర అప్పట్లో ఉండే 'కె'ను తొలగించారు. ఈ ఒక్క విషయంలో బ్రిటన్ కూడా అదే దారి పట్టింది.

కొత్త దేశానికి కొత్త భాష ఉండాలన్న అభిమానం ఇందులో ఉంది. దానితోపాటు వ్యాపార లెక్క కూడా ఉంది. స్పెల్లింగ్ వేరైతే అమెరికా పుస్తకాలు అమెరికాలోనే అచ్చవుతాయని వెబ్‌స్టర్ 1789లోనే వాదించారు. అంటే 'యు' పోవడం వెనుక ప్రెస్సుల పొట్టకూడు కూడా ఉందన్నమాట.

అయితే ఆయన చెప్పినవన్నీ చెల్లలేదు. నాలుకను 'టి-యు-ఎన్-జి' అని, 'విమెన్'ను 'డబ్ల్యు-ఐ-ఎం-ఎం-ఈ-ఎన్' అని రాయమన్నారు. పలికేది అలాగే అయినా అమెరికన్లు ఒప్పుకోలేదు. మరీ అనాగరికంగా కనిపిస్తోందన్నారు.

దాదాపు 80 ఏళ్ల తర్వాత దేశాధ్యక్షుడికే అదే అనుభవం ఎదురైంది. 1906లో థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటల స్పెల్లింగులను సులభం చేసి, ఇకపై ప్రభుత్వ ముద్రణాలయం వాటినే వాడాలని ఆదేశించారు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో నడిచిన ఒక మండలి ఆ జాబితాను తయారు చేసింది. పత్రికలు కార్టూన్లతో ఆడుకున్నాయి. కాంగ్రెస్ అడ్డం తిరిగింది. ఆ ఏడాది చివరికే రూజ్‌వెల్ట్ వెనక్కి తగ్గారు. ఒక దేశపు సైన్యాన్ని నడిపించగలిగిన నేత, ఆ దేశం చేత 'త్రూ'ను నాలుగక్షరాల్లో రాయించలేకపోయారు.

రెండు పడవల మీద కాళ్లు

బ్రిటన్, అమెరికాల మధ్య నలిగిన దేశం కెనడా. అక్కడ 'కలర్', 'సెంటర్', 'చెక్' బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి. కారు టైరు మాత్రం అమెరికన్ పద్ధతిలో 'ఐ'తో ఉంటుంది. కెనడా కార్ల పరిశ్రమ అమెరికాతో ముడిపడి ఉండటమే దీనికి కారణమని చెబుతారు. రాజధాని ఒట్టావాలోని ఐస్ హాకీ స్టేడియానికి 2013లో పెట్టిన పేరు 'కెనడియన్ టైర్ సెంటర్'. అందులో టైరు అమెరికాది, సెంటరు బ్రిటన్‌ది. ఆ దేశ చరిత్ర మొత్తం ఒక బోర్డు మీదికి వచ్చేసింది.

ఆస్ట్రేలియాలో శ్రమను సూచించే 'లేబర్'కు 'యు' ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టుకున్న లేబర్ పార్టీకి ఉండదు. 1912 నుంచి ఆ పార్టీ అమెరికన్ స్పెల్లింగే వాడుతోంది. సిడ్నీ హార్బర్‌లో 'యు' ఉంది, దక్షిణ ఆస్ట్రేలియాలోని విక్టర్ హార్బర్ పట్టణం పేరులో లేదు.

శాస్త్రవేత్తలు కూడా ఈ తగాదాకు అతీతులు కారు. ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఒక లోహానికి 1808లో 'అల్యుమియం' అని పేరు పెట్టారు. 1812 నాటికి దాన్ని 'అల్యూమినం'గా మార్చారు. సోడియం, పొటాషియంల వరసలో ఒదగాలని బ్రిటన్‌లో మరికొందరు 'అల్యూమినియం' చేశారు. అమెరికన్లు చివరికి డేవీ మాటకే కట్టుబడ్డారు. అంటే ఈ ఒక్క చోట అమెరికాది ఇంగ్లిష్ మనిషి పెట్టిన పేరు, బ్రిటన్‌ది సవరణ. అంతర్జాతీయ రసాయన సంఘం 1990లో 'అల్యూమినియం'ను ప్రమాణంగా తీసుకుంది. గంధకం విషయంలో మాత్రం 'పి-హెచ్' వదిలి అమెరికన్ 'ఎఫ్'ను ఎంచుకుంది. చెరొకటి పంచినట్టయింది.

'రియలైజ్', 'ఆర్గనైజ్' లాంటి మాటల్లో 'జెడ్' వాడటం అమెరికన్ అలవాటని చాలామంది నమ్మకం. కానీ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు కూడా 'జెడ్' వైపే మొగ్గుతుంది. ఫుట్‌బాల్‌ను 'సాకర్' అంటే బ్రిటిష్ అభిమానులు మండిపడతారు. ఆ మాట 'అసోసియేషన్' అనే పదాన్ని కత్తిరించి ఇంగ్లండ్ విద్యార్థులు పుట్టించిందే. ఇంట్లో పుట్టి పరాయి ఊళ్లో స్థిరపడిన మాటను ఇంటివాళ్లే గుర్తుపట్టలేదు.

ఒక 'ఆర్' రెండు విలువలు

యాసల్లో అన్నిటికన్నా పెద్ద విభజన రేఖ 'ఆర్' అక్షరం. 'కార్', 'ఫోర్త్', 'ఫ్లోర్' లాంటి మాటల్లో అచ్చు తర్వాత వచ్చే 'ర'ను లండన్ చదువుకున్న వర్గం 18, 19 శతాబ్దాల్లో వదిలేసింది. వారికి 'కార్' అంటే 'కా'. స్కాట్లాండ్, ఐర్లాండ్, ఇంగ్లండ్ నైరుతి పల్లెలు దాన్ని నిలుపుకున్నాయి. అమెరికాలో లండన్‌తో రాకపోకలు ఎక్కువగా ఉన్న బోస్టన్, న్యూయార్క్ లాంటి రేవులు లండన్ ఫ్యాషన్‌ను అనుసరించాయి. మిగతా అమెరికా పట్టించుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లో గాలి మారింది. 'ర' పలకడమే గొప్ప అయింది. భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1962లో దీన్ని పట్టుకోవడానికి ఒక చమత్కారమైన పరీక్ష చేశారు. మన్‌హటన్‌లో ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చౌక రకం, ఇలా మూడు పెద్ద దుకాణాలను ఎంచుకున్నారు. నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని సిబ్బందిని అడిగారు. 'ఫోర్త్ ఫ్లోర్' అని జవాబు వచ్చేది. వినపడనట్టు నటించి మళ్లీ చెప్పించుకునేవారు. ఖరీదైన దుకాణంలో 'ర' ఎక్కువగా వినిపించింది, చౌక దుకాణంలో తక్కువగా వినిపించింది. రెండోసారి నొక్కి చెప్పేటప్పుడు చాలామంది నోట 'ర' ఇంకాస్త స్పష్టమైంది.

అట్లాంటిక్ ఇవతల లెక్క తిరగబడుతుంది. ఇంగ్లండ్‌లో ఆ 'ర' పలికితే పల్లెటూరి బైతు. సినిమాల్లో సముద్రపు దొంగలు 'అర్ర్' అని గర్జించడం కూడా అక్కడి నుంచే వచ్చింది. 1950లో డిస్నీ తీసిన 'ట్రెజర్ ఐలాండ్'లో దొంగల నాయకుడిగా వేసిన రాబర్ట్ న్యూటన్ నైరుతి ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో పుట్టినవారు. ఆయన తన ప్రాంతపు యాసనే పెంచి పలికారు. ఆ తర్వాత ప్రపంచంలోని సముద్రపు దొంగలందరికీ అదే మాతృభాష అయిపోయింది.

పలికే ధ్వని ఒక్కటే. న్యూయార్క్ దుకాణంలో అది హోదా, లండన్‌లో అది మోటు. యాసను చూసి నవ్వేవారు నిజానికి ధ్వనిని చూసి నవ్వడం లేదనడానికి ఇంతకన్నా మంచి రుజువు దొరకదు. ఆ ధ్వని ఎవరి నోట వస్తోందో చూసి నవ్వుతున్నారు.

'ర'ను వదిలేసినవారు దాన్ని లేని చోట తెచ్చి పెట్టడం మరో వింత. 'లా అండ్ ఆర్డర్' చాలామంది ఇంగ్లిష్‌వారి నోట 'లారండ్ ఆర్డర్' అవుతుంది. 'లారా నార్డర్ ఎవరు?' అనే పాత జోకు ఇందులోంచే పుట్టింది. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది వింతగా అనిపించదు. 'పేద', 'ఆలు' కలిస్తే 'పేదరాలు' అవుతుంది. రెండు అచ్చుల మధ్య ఎక్కడి నుంచో 'ర' వచ్చి కూర్చుంటుంది. బడిలో దీన్ని రుగాగమ సంధి అని నేర్పి మార్కులు వేస్తారు. లండన్‌లో అదే పని చేస్తే పత్రికలకు ఉత్తరాలు వెళతాయి.

అచ్చులు జరిగిన చోట

ఆస్ట్రేలియాలో 'ఏ' శబ్దం 'ఐ' వైపు జారుతుంది. ఆసుపత్రిలో కళ్లు తెరిచిన రోగిని నర్సు 'ఇవాళే వచ్చారా?' అని అడుగుతుంది. 'టుడే' కాస్తా 'టు డై'గా వినిపించి, చావడానికి వచ్చావా అని అడుగుతోందనుకుని అతను హడలిపోతాడు. ఆ దేశం గురించి చెప్పే జోకుల్లో ఇది అన్నిటికన్నా పాతది.

పక్కనే ఉన్న న్యూజిలాండ్‌తో ఆస్ట్రేలియా పోటీ క్రికెట్‌కే పరిమితం కాదు. 'ఫిష్ అండ్ చిప్స్' అన్నది సరిహద్దు పరీక్ష. న్యూజిలాండ్ వాళ్లు 'ఫష్ అండ్ చప్స్' అంటారని ఆస్ట్రేలియన్లు నవ్వుతారు. ఆస్ట్రేలియన్లది 'ఫీష్ అండ్ చీప్స్' అని అవతలివారు తిప్పికొడతారు. న్యూజిలాండ్‌లో 'పెన్' అడిగితే బయటివారికి 'పిన్' అని వినిపిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలామందికి ఆ రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి. అందుకే అక్కడ 'ఇంక్ పెన్' అని విడమరిచి అడిగే అలవాటుంది.

అమెరికాలో అడుగుపెట్టిన తెలుగు విద్యార్థికి మొదటి పాఠం తరచూ హోటల్లో మంచినీళ్ల దగ్గరే. అక్కడ 'వాటర్' దాదాపు 'వాడర్'. రెండు అచ్చుల మధ్య 'ట' మెత్తబడి 'డ'కు దగ్గరవుతుంది. 'ట్వెంటీ' కాస్తా 'ట్వెన్నీ' అవుతుంది. లండన్ శ్రామిక వాడల్లో ఆ 'ట' గొంతులోనే ఆగిపోతుంది.

స్కాట్లాండ్ యాస మీద బీబీసీ స్కాట్లాండ్ 2010లో ప్రసారం చేసిన 'బర్నిస్టన్' కార్యక్రమంలో ఒక హాస్య సన్నివేశం ఇప్పటికీ చక్కర్లు కొడుతోంది. మాట వింటే కదిలే లిఫ్టులో ఇద్దరు స్కాటిష్ యువకులు ఎక్కుతారు. పదకొండో అంతస్తుకు వెళ్లాలని 'ఎలెవన్' అని ఎన్ని రకాలుగా అరిచినా లిఫ్టుకు అర్థం కాదు.

పేరు చూసి పలికితే పప్పులో కాలే

క్రికెట్ చూసే తెలుగువారికి 'లీసెస్టర్' అని కనిపించే ఊరు నిజానికి 'లెస్టర్' అని తెలిసే ఉంటుంది. 'వూస్టర్', 'గ్రెనిచ్', 'ఎడిన్‌బరా' కూడా అంతే. తెలుగులో స్థిరపడిన 'థేమ్స్' నది అక్కడ 'టెమ్స్'. 'మెల్‌బోర్న్' స్థానికులకు 'మెల్బన్'. ఆస్కార్ వైల్డ్ జైలు జీవితంపై 1898లో వెలువడిన ప్రసిద్ధ కావ్యం పేరులో రెండు ఉచ్చులున్నాయి. చదవడం అనే అర్థం వచ్చేలా కనిపించే ఊరి పేరు 'రెడింగ్'. 'జి-ఏ-ఓ-ఎల్' అని ఉన్నది మన జైలే.

అమెరికాలో ఇది చట్టసభ దాకా వెళ్లింది. 'కాన్సస్' రాష్ట్రం పేరు ముందు రెండు అక్షరాలు చేర్చితే 'ఆర్కన్సా' రాష్ట్రం వస్తుంది, కానీ పలుకుబడి రాదు. ఆ పేరును ఎలా పలకాలో తేలుస్తూ అక్కడి శాసనసభ 1881లో తీర్మానం చేసింది. ఆ పేరే ఉన్న నది తమ రాష్ట్రంలో పారేటప్పుడు మాత్రం కాన్సస్ ప్రజలు దాన్ని 'ఆర్‌కాన్సస్' అనే పిలుస్తారు. తీర్మానం సరిహద్దు దాటలేదు.

భారత్‌లో రెండూ ఒకే ఇంట్లో

భారతీయ ఇంగ్లీషు పుట్టింది బ్రిటిష్ ఇంట్లో, పెరుగుతున్నది అమెరికన్ కంప్యూటర్ మీద. బస్సు వెళ్లే దారి 'రూటు'. వైఫై ఇచ్చే పెట్టె 'రౌటర్'. రెండూ ఒకే మాట నుంచి వచ్చినవే. మొదటిది బ్రిటన్ పలుకు, రెండోది అమెరికా పలుకు. నాయకులకు ఇచ్చేది 'జెడ్ ప్లస్' భద్రత. ఆ నాయకుల మీద వీధుల్లోకి వచ్చే కుర్రకారు 'జెన్ జీ'. 2025లో నేపాల్ ఆందోళనల వార్తల్లో రెండు రూపాలూ కనిపించాయి.

తెలుగు పత్రికలు రాసే 'లెఫ్టినెంట్ గవర్నర్'లో 'ఫ' బ్రిటిష్ నోటి నుంచి వచ్చింది. స్పెల్లింగులో 'ఎఫ్' ఎక్కడా లేదు. అమెరికన్లు దాన్ని 'లూటెనెంట్' అంటారు. 'స్కెడ్యూల్' అనే అమెరికన్ రూపం ఆఫీసుల్లోకి వచ్చినా రాజ్యాంగంలోని కులాలు, తెగలు 'షెడ్యూల్డ్'గానే ఉన్నాయి.

పేర్ల దగ్గర ఈ తేడా సరదాగా ఆగదు. తెలుగువారు, తమిళులు 'త'ను 'టి-హెచ్' అని రాస్తారు, ఎందుకంటే ఉత్త 'టి' వారికి 'ట'. ఉత్తరాదిన 'త'కు కూడా 'టి' చాలు. లత అనే ఒకే పేరు హైదరాబాద్‌లో ఐదక్షరాలు, లక్నోలో నాలుగక్షరాలు. సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పడితే ఆ ఒక్క 'హెచ్' కోసం అఫిడవిట్లతో తిరగాల్సి వస్తుంది. అంత శ్రమపడి అమెరికా చేరాక 'శ్రీకాంత్' చివరి 'త' ఎలాగూ నాలుక పళ్ల మధ్య నలిగే 'థ' అయిపోతుంది.

తెలుగువారి ఇంగ్లీషు యాసకు కూడా లెక్క ఉంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు మాట మొదట్లో వచ్చే 'ప'ను కాస్త ఊపిరి కలిపి పలుకుతారు. తెలుగువారు శుద్ధ అల్పప్రాణంగా పలుకుతారు. ఆ చెవికి 'పార్క్' కాస్తా కుక్క అరుపును సూచించే 'బార్క్'లా తోచవచ్చు. అంతకన్నా పెద్ద తేడా నొక్కులో ఉంది. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి భాగాన్ని, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగాన్ని, 'ఫొటోగ్రాఫిక్'లో మూడో భాగాన్ని ఇంగ్లీషువారు నొక్కుతారు. తెలుగు నడకలో అక్షరాలకు అంతటి హెచ్చుతగ్గులు ఉండవు. హైదరాబాద్‌లో 1958లో ఏర్పడిన కేంద్ర ఆంగ్ల సంస్థ, అంటే నేటి ఇఫ్లూ, ఈ విషయాన్ని ముందే పట్టించుకుంది. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న అంశంపై ఆర్.కె. బన్సల్ పరిశోధనను 1969లో ప్రచురించింది.

నవ్వు ఆగిపోయే చోటు

ఉత్తర ఐర్లాండ్‌లో 'హెచ్' అక్షరాన్ని కాథలిక్కులు ఎక్కువగా 'హేచ్' అని, ప్రొటెస్టెంట్లు 'ఏచ్' అని పలుకుతారు. మూడు దశాబ్దాల హింస సాగిన ఆ నేల మీద ఒక్క అక్షరం మనిషి మతాన్ని బయటపెట్టగలదు.

ఆకాశంలో పలుకు ఇంకా ఖరీదైనది. పైలట్లు వాడే అక్షరమాలలో 'ఆల్ఫా'ను 'పి-హెచ్' బదులు 'ఎఫ్'తో రాస్తారు, 'పి-హెచ్' అంటే 'ఫ' అని అందరికీ తెలియదు కాబట్టి. 'జూలియెట్' చివర రెండు 'టి'లు పెడతారు, ఒక్కటే ఉంటే ఫ్రెంచివారు దాన్ని మింగేస్తారు కాబట్టి. 'త్రీ'ని 'ట్రీ' అని, 'నైన్'ను 'నైనర్' అని పలకాలి. బడిలో పిల్లవాడు 'ట్రీ' అంటే దెబ్బ పడుతుంది, కాక్‌పిట్‌లో అదే ప్రమాణం.

1996 నవంబర్ 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ, కజఖ్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజఖ్ విమానం తనకు కేటాయించిన ఎత్తు కన్నా కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు తగినంత రాకపోవడం కూడా విచారణలో ప్రస్తావనకు వచ్చింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తెచ్చిన భాషా ప్రమాణాలు 2008 మార్చి నుంచి వర్తిస్తున్నాయి. యాస ఉండకూడదని అవి చెప్పవు. అవతలివారికి అర్థమయ్యేలా ఉండాలంటాయి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పైలట్‌కు కూడా ఆ నియమం వర్తిస్తుంది.

నేల మీద అంత న్యాయం లేదు. భారత కాల్ సెంటర్లలో 2000 తర్వాత వేలమంది యువత 'న్యూట్రల్ యాస' శిక్షణ తీసుకున్నారు. ఇప్పుడు ఉద్యోగి గొంతులోని యాసను అప్పటికప్పుడు మార్చే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఫోను అవతలి మనిషి తన చెవిని ఇసుమంత కూడా సర్దుకోనక్కర్లేదు. యంత్రాల చెవికి కూడా పక్షపాతం ఉంటుంది. మాటను అక్షరాలుగా మార్చే ఐదు పెద్ద సంస్థల వ్యవస్థలపై 2020లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, శ్వేతజాతివారి మాటల్లో సుమారు 19 శాతం తప్పు పడితే, నల్లజాతివారి మాటల్లో 35 శాతం తప్పు పడ్డాయి. ఇద్దరూ అమెరికన్లే, ఇద్దరిదీ ఇంగ్లీషే. స్కాటిష్ లిఫ్టు జోకు ఉద్యోగ ఇంటర్వ్యూలోకో, ఆసుపత్రి ఫోన్ లైన్‌లోకో వస్తే ఎవరికీ నవ్వు రాదు.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. దశాబ్దాలపాటు తెలుగు సినిమా తెలంగాణ యాసను విలన్లకు, హాస్యగాళ్లకు కేటాయించింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలకు కూడా నాయకుడి పాత్ర అరుదుగానే దక్కింది. న్యూయార్క్ దుకాణంలో 'ర'కు విలువ కట్టిన తూకమే ఇక్కడా పనిచేసింది.

స్పెల్లింగ్ విషయంలో లోకం కొంత మెత్తబడింది. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల్లో బ్రిటిష్ రూపం రాసినా, అమెరికన్ రూపం రాసినా ఒప్పుకుంటారు. రెంటినీ కలగాపులగం చేయకపోతే చాలు. వినే పరీక్షలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా యాసలు వినిపిస్తారు.

అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీకి నేటికీ ప్రమాణం వెబ్‌స్టర్ పేరు మోస్తున్న నిఘంటువే. 2024లో ఆ పోటీ గెలిచింది ఫ్లోరిడాలో చదువుతున్న 12 ఏళ్ల బాలుడు. కుటుంబం మూలాలు తెలంగాణలో ఉన్నాయి. ఆఖరి పోరులో 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పాడు. గెలిపించిన మాట తాడు పట్టుకుని కొండ దిగడాన్ని సూచించే 'ఆబ్‌సైల్'. అది జర్మన్ నుంచి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడింది. అమెరికన్లు ఆ పనికి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న వేరే మాట వాడతారు.